పెరటి ఉత్తరాలు: తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

పోయిన నెల మా కాలనీ ఖాళీ జాగాలో వేసిన తోట గురించి నాలుగు ముక్కలు రాశాను. ఎప్పుడూ తెల్లదోమ గురించి, వేపనూనె గురించి అడిగేవాళ్లు ఈసారి పక్కింటివాళ్ల గురించి అడిగారు. 32 ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి మొక్కల సంగతి ధైర్యంగా చెప్తాను. మనుషుల సంగతి మాత్రం దెబ్బలు తిని నేర్చుకున్నదే. అలాగే చదువుకోండి.

టీచర్ గారూ, మాది విజయవాడ సింగ్‌నగర్. మా ఇంటి ఎదురుగా 200 గజాల ఖాళీ స్థలం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి కొట్టుకొచ్చిన చెత్తంతా అక్కడ చేరింది. ఆ తర్వాత వీధివాళ్లం కూడా మొహమాటం లేకుండా అక్కడే పడేస్తున్నాం. ఓనరు అమెరికాలో ఉంటారు. దాన్ని బాగుచేసి కూరగాయలు వేద్దామని ఆడవాళ్లం ఐదారుగురం అనుకుంటున్నాం. "లేనిపోని తలనొప్పి" అంటున్నారు అసోసియేషన్ పెద్దలు. ఎక్కడ మొదలుపెట్టాలి?
*ఒక గృహిణి, విజయవాడ*

ఫోన్‌తో మొదలుపెట్టండి. పార, గడ్డపార ఆ తర్వాత. ముందు ఓనరుతో మాట్లాడాలి.

మేమిది తలకిందులుగా చేశాం. మాది హైదరాబాద్ శివారు కాలనీ. మా వీధి చివర 267 గజాల ప్లాటు ఉండేది. ముళ్లకంప, బీరు సీసాలు, పిల్లల డైపర్లు, ఎవరో ఇల్లు కట్టుకుని మిగిల్చిన రబ్బిసు. ఓ ఆదివారం ఉత్సాహంగా పదిమందిమి కలిసి శుభ్రం చేసేశాం. ఆరు ట్రాక్టర్ల చెత్త బయటికి పోయింది. ఆ సాయంత్రమే ఎవరో ఓనరుకి ఫోటో పంపారు. "మీ స్థలంలోకి జనం దిగారు" అని. ఆయన కూడా విదేశంలోనే ఉంటాడు. పాపం ఉన్న పని మానుకుని ఫోన్ చేసి లాయర్ పేరు చెప్పి అరిచాడు. ఆయన తప్పేం లేదు. ఊళ్లో లేని మనిషికి స్థలం గురించి ఎప్పుడూ టెన్షనే.

ఆ భయం ఎందుకో తెలుసుకుంటే మాట్లాడటం తేలికవుతుంది. ఒకరి స్థలంలో వాళ్ల అనుమతి లేకుండా, వాళ్ల హక్కుని కాదని, అందరికీ తెలిసేలా 12 ఏళ్లు ఉండిపోతే ఆ స్థలాన్ని వెనక్కి అడిగే హక్కే ఓనరుకి పోవచ్చు. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో ఉన్న మాట ఇది. విదేశాల్లో ఉన్నవాళ్లందరికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. దీనికి విరుగుడు ఒక కాగితం. "ఈ స్థలం ఫలానా వారిది, వారి అనుమతితోనే మేము కూరగాయలు పండించుకుంటున్నాం, దీనిమీద మాకెలాంటి హక్కూ లేదు" అని రాసి సంతకాలు చేసి ఇవ్వండి. అనుమతితో ఉన్నవాళ్లకి ఆ 12 ఏళ్ల లెక్క పనికిరాదు. మేము 11 నెలలకి రాసుకుని ఏటా తిరగరాస్తున్నాం. అడిగిన 60 రోజుల్లో ఖాళీ చేస్తామని, గోడ గానీ రేకుల షెడ్డు గానీ వేయమని, మామిడి, కొబ్బరి లాంటి పెద్ద చెట్లు నాటమని కూడా రాశాం. కరెంటు మీటరు మీ పేరున పెట్టించుకోకండి. పక్కింటి బోరు నీళ్లు తీసుకుని కరెంటు ఖర్చు నెలనెలా వాళ్ల చేతికివ్వండి. ఇదంతా చూసి మా ఓనరు చల్లబడ్డాడు. ఇప్పుడు ఇండియా వచ్చినప్పుడల్లా సంచి పట్టుకుని బెండకాయలకి వస్తాడు. ఆయన స్థలంలో కాసిన కాయలని ఆయనకే "తీసుకెళ్లండి బాబూ" అని ఇస్తాం!

ఇక నేల. వరద మట్టి సారవంతం అంటారు గానీ అది పొలాల్లోకి వచ్చే ఒండ్రు సంగతి. మీ వీధిలోకి వచ్చింది డ్రైనేజీ కలిసిన నీళ్లు. అందులో గాజుపెంకులు, నూనెలు, బ్యాటరీలు ఏవైనా ఉండొచ్చు. కాబట్టి ఆ నేలలో నేరుగా ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్ వేయకండి. పైపొర తీయించి, ఇటుకలు పేర్చి, అడుగున్నర ఎత్తు మడులు కట్టి, బయటినుంచి తెచ్చిన మట్టి నింపండి. రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక వంతు ఎండాకుల కంపోస్టు. పచ్చిపేడ వేశారంటే వేర్లు మాడిపోతాయి, చెదలు కూడా పడతాయి. మొదటి ఏడాది మేము మట్టి జల్లించకుండా టమాటా నాటాం. కాయలకన్నా కంకర ఎక్కువ ఏరుకున్నాం.

మొదటి పంటగా తోటకూర వేయండి. 25 రోజుల్లో కోతకొస్తుంది. మెంతికూరా అంతే. బెండ అయితే 45 రోజులు. ఇవి ఎందుకు చెప్తున్నానంటే, "తలనొప్పి" అన్న పెద్దమనుషుల ఇళ్లకి నెల తిరక్కుండా తలా ఓ కట్ట పంపాలి. మా అధ్యక్షుడు గారు చుక్కకూర పప్పు తిన్నాకే సంతకం పెట్టారు.

అది ప్రైవేటు స్థలం కాక కాలనీ పార్కు జాగా అయితే దారి వేరు. అది మునిసిపాలిటీ ఆస్తి. కమిషనర్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా అనుమతి రావాలి. వచ్చినా పిల్లలు ఆడుకునే చోటు ముట్టుకోకండి.

మాది కూకట్‌పల్లిలో 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. టెర్రస్ మీద అందరం కలిసి తోట వేద్దామంటే ఐదో అంతస్తు ఆయన ఒక్కడే అడ్డం పడుతున్నాడు. "నా సీలింగ్ కారితే ఎవడు బాధ్యుడు?" అంటాడు. ఆయన్ని ఎలా ఒప్పించాలి?
*పేరు రాయవద్దన్నారు, హైదరాబాద్*

నాయనా, నేను ఆయన పక్షం. 19 మంది తింటారు, కారేది ఆయన నెత్తిమీద. అడక్కుండా ఉంటాడా?

లెక్క చూడండి. మనుషులు తిరిగే మిద్దెకి మన దేశపు ప్రమాణాల ప్రకారం అదనపు బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలని లెక్కవేసి కడతారు. అంటే చదరపు అడుగుకి 14 కిలోలు. తడిసిన మట్టి అడుగు మందాన పోస్తే చదరపు అడుగుకి 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. అంటే మిద్దె అంతా మట్టి పరిస్తే మోయాల్సిన దానికి మూడు రెట్లు పైన పెట్టినట్టు. వాట్సాప్‌లో వచ్చే అందమైన ఫోటోల కింద ఈ లెక్క ఎవరూ రాయరు.

అందుకని మడులు మధ్యలో వద్దు. కింద బీములు, పిల్లర్లు ఎటు వెళ్లాయో ప్లాన్ చూసి, వాటి పైనా, పిట్టగోడ వారనా పెట్టండి. పని మొదలెట్టకముందు ఓ ఇంజనీరుకి చూపించండి. ఆకుకూరలకి 8 అంగుళాల లోతు చాలు. మట్టి సగానికి తగ్గించి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కంపోస్టు కలపండి. ప్రతి తొట్టికీ కింద నాలుగంగుళాల స్టాండు ఉండాలి. నేలకి ఆనించి పెడితే కింద చెమ్మ ఆరదు, చెత్త పేరుకుపోయి నీళ్లు పోయే గొట్టం పూడుకుపోతుంది. శ్లాబు కారడానికి అదీ ఒక కారణం.

ఇంకో పని. ఒక్క మొక్క పెట్టకముందే గొట్టాల మూతులు మూసి మిద్దె మీద రెండంగుళాల నీళ్లు రెండు రోజులు నిలబెట్టండి. ఐదో అంతస్తు ఆయన్నే ఇంట్లో కూర్చుని సీలింగ్ చూడమనండి. చెమ్మ కనిపిస్తే వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు 20 ఫ్లాట్లూ పంచుకోవాలి. తోట వేసినా వేయకపోయినా ఆ ఖర్చు మీకు రాసిపెట్టి ఉన్నదే. ఈ పరీక్ష ఆయన ఇంట్లో, ఆయన కళ్లముందు జరిగితే ఆ తర్వాత గొడవ చేయడానికి ఆయనకేమీ మిగలదు.

నీళ్ల డ్రమ్ములకి మూత పెట్టి, వారానికోసారి పూర్తిగా ఖాళీ చేసి తోమండి. డెంగీ దోమ ఎక్కువగా శుభ్రమైన నిలవ నీళ్లున్న చోటే గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో దోమై ఎగురుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఒక్కరికి జ్వరం వచ్చినా నింద తోటమీదకే వస్తుంది.

అమ్మా, నేను రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని. మా కాలనీలో 12 కుటుంబాలం కలిసి తోట పెట్టాం. ఏడాదిన్నర గడిచేసరికి పని చేసేది ముగ్గురమే. మిగిలినవాళ్లు కోతకి మాత్రం వస్తారు. పైగా రాత్రిళ్లు వంకాయలు మాయమవుతున్నాయి. నాకు విసుగొచ్చేసింది. మానేద్దామా?
*ఒక పాఠకుడు, హనుమకొండ*

మానేయకండి. మీ 12 కుటుంబాలకీ వచ్చిన రోగం మాకూ వచ్చింది. మా మందు రాస్తాను, కొంచెం చేదు.

మొదటి ఏడాది మేము "అంతా అందరిదీ" అన్నాం. కలిసి వేయడం, కలిసి కోయడం, సమానంగా పంచుకోవడం. వినడానికి బాగుంది. ఏప్రిల్ వచ్చింది, సెలవులు పడ్డాయి, అందరూ ఊళ్లకి పోయారు. ఎవరికి వాళ్లు పక్కవాళ్లు నీళ్లు పోస్తున్నారనుకున్నారు. మే మొదటివారానికి తోట మొత్తం ఎండుగడ్డి. రెండో ఏడాది కోపంతో ఎవరి మడి వాళ్లకి పంచేశాం. ఇంకో అన్యాయం మొదలైంది. ఒకాయన తన మడి చుట్టూ ఇనుప జాలీ కట్టి తాళం వేశాడు! పది అడుగుల బెండ మడికి తాళం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మూడో ఏడాదికి కుదిరింది. నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడుగు మడి ఇంటికొకటి. నాలుగడుగులే ఎందుకంటే రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది, మట్టి తొక్కక్కర్లేదు. నీళ్లు, కంపోస్టు గుంత, పందిరి, కరివేపాకు, మునగ మాత్రం ఉమ్మడి. నీళ్లు వంతులవారీగా ఒక్కో ఇల్లు తోట మొత్తానికీ పెట్టాలి. వంతు తప్పితే పక్కింటికి వెళ్లి "మా వంతు ఈరోజు మీరు చూసుకుంటారా" అని అడగాలి. వాట్సాప్‌లో అడగడం చెల్లదు, తలుపు తట్టాలి. ఈ నియమం పెట్టినప్పుడు అందరూ నవ్వారు. పదేళ్లుగా ఎదురెదురు ఇళ్లలో ఉండి ఒకరి గుమ్మం ఒకరు తొక్కని రెండు కుటుంబాలు ఈ నీళ్ల వంతు కోసమే మాట్లాడుకున్నాయి.

అసలు చేదు ఇప్పుడు. మా పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబానిది మక్తల్ వైపు. వాళ్లావిడ పొలంలో పుట్టి పెరిగిన మనిషి. మా వాళ్లొకరు "నెలకి 2000 ఇచ్చి ఆమెతో నీళ్లు పోయిద్దాం, మనకెందుకీ బాధ" అన్నారు. నేనూ సరేనన్నాను. మూణ్ణెల్లలో తోటకి ఎవరూ రావడం మానేశారు. కూరలు ఇళ్లకి వస్తున్నాయి, తోట దుకాణమైపోయింది. ఓ రోజు నేను వంగ మొక్కలకి గొట్టంతో నీళ్లు వదులుతుంటే ఆమె పైపు లాక్కుంది. "గిన్ని నీళ్లు వోస్తే వేర్లు కుళ్లిపోతయ్ టీచరమ్మా. పొద్దుగాల మట్టి ముట్టి చూడున్రి, తడుంటే వొయ్యకున్రి" అంది. జీవశాస్త్రం టీచర్ని, వేరు శ్వాసక్రియ పాఠం ఏటా చెప్పినదాన్ని. నోట మాట రాలేదు.

ఆ సాయంత్రం అందరినీ మా ఇంటికి పిలిచాను. ఆమెకీ మిగతావాళ్లతో సమానంగా ఒక మడి ఇద్దామని, కూలి మాట తీసేసి వంతులు మళ్లీ పెడదామని చెప్పాను. కూలి పోతే ఆమెకి నష్టం కదా అని ఒకమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. కంపోస్టు తిప్పే పని ఎవరూ చేయరు కాబట్టి దానికి ఆ డబ్బే ఇవ్వాలని తేల్చాం. టీ ఇచ్చాను. అందరికీ స్టీలు గ్లాసులు, ఆమెకి పేపర్ కప్పు. ఎవరూ ఏమీ అనలేదు, ఆమె కూడా. అందరూ వెళ్లాక ట్రే తీస్తుంటే చూశాను. అది నా ఇల్లు, నా చేత్తో ఇచ్చిన టీ. ఇది ఇక్కడ రాయకపోతే మిగిలిన సలహాలు చెప్పే అర్హత నాకుండదు.

ఇప్పుడు తోట గేటు తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. నారు ఎప్పుడు పోయాలి, చిక్కుడు ఎప్పుడు పెట్టాలి అంటే అందరూ ఆమెనే అడుగుతారు. మీ కాలనీలో కూడా తప్పకుండా అలాంటివాళ్లుంటారు. ఇస్త్రీ బండి ఆయన, పాలు పోసే ఆవిడ, సెక్యూరిటీ అతను. మీ 12 కుటుంబాల జాబితాలో వాళ్లున్నారా? లేకపోతే 13వ మడి కట్టండి.

వంకాయల సంగతి. దొంగ ఎవరో పట్టుకోవడానికి సీసీ కెమెరా పెట్టకండి. పట్టుబడేది తెలిసినవాళ్లే, ఆ తర్వాత మొహం చూసుకోలేరు. తోట బయటి వైపు, రోడ్డు వారన ఒక వరస దారినపోయేవాళ్ల కోసం వదిలేయండి. గోంగూర, బచ్చలి, తోటకూర. మేము "గిల్లుకోండి, వేరు పీకకండి" అని అట్టముక్క మీద రాసి కట్టాం. లోపల దొంగతనాలు చాలా తగ్గాయి. పొద్దున్నే వాకింగ్ పేరుతో క్యారీబ్యాగ్ పట్టుకొచ్చి నందివర్ధనాలు, మందారాలు దులుపుకుపోయేవాళ్లని మాత్రం ఏ బోర్డూ ఆపలేదు. దేవుడి పేరు చెప్తారు, ఏమంటాం?

బీర పాదుకి బోలెడు పూలు. పిందెలు వేలెడంత అయ్యి పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి. ఏ మందు కొట్టాలి?
*ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

మందు వద్దు. పూలలో పరాగ సంపర్కం జరగట్లేదు. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. వెనక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, సన్నని కాడ మీద ఉన్నది మగపువ్వు. సాయంత్రం ఆరు దాటాక మగపువ్వు కోసి రేకులు తుంచి ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. పాదు మొదట్లో పది రోజులు మగపూలే వస్తే కంగారు పడకండి. పక్క మేడవాళ్లు దోమల పొగ పెట్టిస్తుంటే ఈగలు, తేనెటీగలు రావు, వాళ్లతో ఓ మాట చెప్పి చూడండి.

టీచర్ గారూ, అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వచ్చి ఆరు నెలలుంటున్నాను. ఇంటి దగ్గర కమ్యూనిటీ గార్డెన్‌లో అమ్మాయికో మడి ఉంది, అది నాకు అప్పగించింది. చుట్టూ రకరకాల దేశాలవాళ్లు. నాకు ఇంగ్లీషు రాదు. తలొంచుకుని పని చేసుకుని వచ్చేస్తున్నాను. గోంగూర వేద్దామనుంది. ఇండియా నుంచి విత్తనాలు తెప్పించుకోవచ్చా?
*ఒక అమ్మమ్మ, న్యూజెర్సీ*

విత్తనాలు ఎవరి బ్యాగులోనూ పెట్టించకండి. నాటే విత్తనాలు అమెరికాలోకి తేవాలంటే అధికారిక ధ్రువపత్రం కావాలి. లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. అక్కడి ఇండియన్ స్టోర్లలో అడగండి. గోంగూర మన ఎండల మొక్క. చలిగాలి తగిలితే ముడుచుకుపోతుంది. అందుకని మే నెలాఖరున, నేల వెచ్చబడ్డాకే వేయండి. మంచు కురిసేలోపు ఆకు బాగా కోసుకోవచ్చు.

మీరున్న చోటికి హడ్సన్ నది అవతలే న్యూయార్క్. అలాంటి తోటలకి అది పెద్ద పుట్టినిల్లు. 1973లో లిజ్ క్రిస్టీ అనే ఆవిడ స్నేహితులతో కలిసి బౌరీ, హ్యూస్టన్ వీధుల మూలన చెత్తతో నిండిన ఖాళీ జాగాని శుభ్రం చేసింది. మరుసటి ఏడాది నగరపాలకులు నెలకి ఒక్క డాలరు అద్దెకి దాన్ని వాళ్లకిచ్చారు. ఆ తోట ఇప్పటికీ ఆవిడ పేరుతోనే ఉంది. అమ్మాయికి సెలవున్న రోజు చూపించమనండి.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. పక్క మడివాళ్లకి ఓ గుప్పెడు గోంగూర ఆకు ఇచ్చి, ఒక రెమ్మ మీరు నమిలి చూపించండి. ఆ పులుపుకి వాళ్ల మొహంలో వచ్చే మార్పు చాలు. పచ్చడి మాత్రం మొదటిరోజే పెట్టకండి, మన కారం వాళ్లు తట్టుకోలేరు. బదులుగా వాళ్లేదో ఆకు ఇస్తారు. దాన్ని పప్పులో వేయొచ్చో లేదో కనుక్కోవడానికి ఎలాగూ మళ్లీ వెళ్తారు.

మా వీధి తోటని కోతులు బతకనివ్వడం లేదు. టపాకాయలు, పులి బొమ్మ, అన్నీ అయ్యాయి.
*ఒక పాఠకుడు, కరీంనగర్*

పులి బొమ్మ మా దగ్గరా పెట్టాం. నాలుగో రోజు దాని నెత్తి మీద కూర్చుని బొప్పాయి తిన్నాయి. పంట మార్చాం. పసుపు, అల్లం, పచ్చిమిరప, కంద వైపు అవి పెద్దగా రావు. టమాటా, మొక్కజొన్న, అరటి కనబడేలా పెట్టామో ఇంక అంతే. బీర, సొర పాదులకి పందిరి మీద నైలాన్ వల వేయండి, కిందికి వేలాడే కాయలు అందకుండా పక్కలకీ దించండి. తోట వారన అన్నం, పండ్లు పెట్టే భక్తులుంటే ముందు వాళ్లతో మాట్లాడండి, అవి అలవాటు పడేది అక్కడే. మాకు పసుపు బాగా పండింది, సంక్రాంతికి ఇంటింటికీ పచ్చి కొమ్ములు పంచాం. బొప్పాయి చెట్టు మాత్రం వాటికే వదిలేశాం.